ఆటోనగర్ షెడ్డులో కోబ్రా కారు

పెళ్లి బాగా జరిగింది, భోజనాలూ బాగున్నాయి. అయినా బెజవాడ నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్నది పెళ్లి కాదు. మర్నాడు ఆటోనగర్‌లో పెద్ద మావయ్య షెడ్డులో గడిపిన మధ్యాహ్నం. అది రాయకపోతే నాకు ఊపిరాడదు.

ముందు ఛార్జీల సంగతి చెప్పి కడుపుమంట తీర్చుకుంటాను. వైశాఖంలో ముహూర్తాలు ఉన్నాయంటే హైదరాబాదు నుంచి బెజవాడకి ప్రైవేటు బస్సు టికెట్ మామూలు రేటుకి రెట్టింపు. దారిలో ఆపిన హోటల్లో ఇరవై రూపాయల నీళ్ల సీసా నలభై. అడిగితే కూలింగ్ ఛార్జీ అంటారు, సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. పెళ్లివారి విడిది సత్యనారాయణపురంలో. అక్కణ్ణుంచి ఆటోనగర్‌కి ఆటో అతను మూడొందల యాభై అన్నాడు. ఎండ చూసి చెప్పిన రేటు అది. షేర్ ఆటో పట్టుకుని బందరు రోడ్డు దాకా వచ్చాను.

మావయ్య భోజనాల వేళ దాటాక రమ్మన్నాడు కాబట్టి మధ్యలో బాపు మ్యూజియం దగ్గర దిగాను. 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో మొదలైన రాతి కట్టడం. 1921లో కాంగ్రెస్ సభలప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించింది ఇక్కడే. అల్లూరులో దొరికిన బుద్ధుడి ముందు చాలాసేపు నిలబడ్డాను. భుజం మీంచి జారిన వస్త్రం మడతలు చూస్తే, ఉలి పట్టుకున్నవాడు ఎక్కడ ఒత్తాడో ఎక్కడ వదిలాడో తెలిసిపోతుంది. ఆ చెక్కినవాడి పేరు మనకి తెలియదు, అయినా పని మిగిలింది. ఈ మాటే తలలో పెట్టుకుని బెంజి సర్కిల్ దాటి ఆటోనగర్ గేటు దగ్గర బస్సు దిగాను.

ఆటోనగర్ గురించి తెలుగువాళ్లకి నేను చెప్పేదేముంది. కృష్ణా, గుంటూరు, పశ్చిమగోదావరి లారీలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆ గేటు దాటి లోపలికి పోయినవే. చిన్నప్పుడు సెలవులకి వస్తే, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒట్టి ఛాసిస్ మీద కూర్చుని బండి తోలుకొచ్చే డ్రైవర్లని చూసేవాణ్ణి. ముందు అద్దం ఉండదు, తలుపు ఉండదు. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ఒక సీటు. అలా వచ్చిన బండి కొన్ని వారాలకి కేబినూ, తొట్టీ, నెమళ్లూ, తామరపూలతో లారీ అయి బయటికి వెళ్లేది. మా మావయ్య ఆ పని చేశాడు. మొదట కేబిన్లు, తరవాత ప్రైవేటు బస్సుల బాడీలు. ఇప్పుడు లారీలు కంపెనీ నుంచే కేబిన్‌తో వస్తున్నాయి. షెడ్డు సగానికి తగ్గింది. కార్ల సొట్టలు తీసే పని మిగిలింది, అదీ అంతంతే. బంపరు ప్లాస్టిక్కు, పగిలితే పీకేసి కొత్తది బిగించడమే.

నేను వెళ్లింది ఆయనకి ఫోన్లో ఫొటోలు చూపించడానికి. పోయిన వేసవిలో న్యూజెర్సీలో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఫిలడెల్ఫియాలో సిమియోన్ మ్యూజియం చూశాను. విమానాశ్రయం పక్కన, గోడౌన్ల మధ్య ఉంటుంది. బయట్నుంచి చూస్తే మ్యూజియం అనిపించదు, లోపల మాత్రం 60కి పైగా పాత రేసు కార్లు. ఫ్రెడరిక్ సిమియోన్ అనే న్యూరోసర్జన్ జీవితమంతా కూడబెట్టినవి. తండ్రీ డాక్టరే, ఆయన దగ్గర్నుంచి వచ్చిన నాలుగు కార్లతో మొదలుపెట్టి, 2008లో మ్యూజియం తెరిచాడు. 2022లో పోయాడు. ఒక్కో పందేనికి ఒక్కో అరుగు కట్టి, వెనక ఆ ఊరి దృశ్యం పెట్టి, ఆ పందెంలో పరుగెత్తిన బళ్లని నిలబెట్టారు. 1937లో ఫ్రాన్సులో ల మాన్ 24 గంటల పందెం గెలిచిన బుగాటి ఉంది. 1938లో ఇటలీ రోడ్ల మీద జరిగిన మిల్లె మిలియా పందెంలో పరుగెత్తిన ఆల్ఫా రోమియో ఉంది.

నన్ను కదలనీయకుండా చేసింది మాత్రం ఒక నీలం రంగు కారు, అమెరికాలో షెల్బీ అనే రేసు కార్ల కంపెనీ చేసిన కోబ్రా డేటోనా కూపే. దాని నంబరు సీఎస్ఎక్స్ 2287. ఆ రకం ప్రపంచంలో మొత్తం ఆరే తయారయ్యాయి, ఇది మొదటిది. రంగు వెలిసింది, ముందు భాగం నిండా రాళ్లు తగిలిన పెచ్చులు. ఎవరూ ముట్టుకోలేదు. కొత్త రంగు వేస్తే చరిత్ర చెరిగిపోతుందన్నది ఆ డాక్టరుగారి పట్టుదల. 2014లో అమెరికా దేశపు చారిత్రక వాహనాల రిజిస్టరులో మొట్టమొదట చేర్చిన బండి ఇదే.

మావయ్య ఆ ఫొటో చూసి మొదట ఏమీ అనలేదు. కళ్లజోడు పైకి జరిపి, ఫోను వెలుతురు వైపు తిప్పి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"ఇది చేత్తో కొట్టిందిరా," అన్నాడు.

"ఎలా చెప్పావు?"

"ఆ తలుపు మీద ట్యూబులైటు గీత పడింది చూడు. అచ్చులో పోసిన రేకైతే గీత తిన్నగా పోవాలి. ఇక్కడ కొంచెం వణికింది. మళ్లీ ఇక్కడ వణికింది. సుత్తి దెబ్బలు సాపు చేసిన చోటది. లప్పం పెట్టి దాచలేదు, మంచి పనివాడు."

నేను మ్యూజియంలో దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, పక్కన బోర్డు మీద రాసింది మొత్తం చదివాను. ఆ వెలుతురు గీత నా కంటికి కనపడలేదు. దానికోసం బెజవాడ రావలసి వచ్చింది.

ఆ కారు కథ చెప్పాను. 1963లో షెల్బీ వాళ్ల దగ్గర ఉన్నది టాపు లేని కోబ్రా. ల మాన్‌లో దాదాపు 6 కిలోమీటర్ల తిన్నటి రోడ్డు ఉంటుంది, దాని మీద గంటకి 250 కిలోమీటర్లు దాటితే గాలి అడ్డుకునేది. ఫెరారీలు పక్కనుంచి దూసుకుపోయేవి. పీటర్ బ్రాక్ అనే కుర్రాడు, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు, ఇంజను జోలికి పోకుండా బాడీ మారుద్దామన్నాడు. షెడ్డులో చాలామంది ఇది పనికొచ్చేది కాదన్నారు. డ్రైవరు కెన్ మైల్స్ ఒక్కడు గట్టిగా నిలబడ్డాడు. చెక్కతో చట్రం కట్టి, దానికి సరిపడా అల్యూమినియం రేకు కొట్టి, మూడు నెలల్లో బండి తయారు చేశారు. వెనక భాగాన్ని కత్తితో కోసినట్టు నిలువుగా తెగ్గొట్టారు. అదే 4.7 లీటర్ల ఫోర్డ్ ఇంజనుతో వేగం 300 దగ్గరికి వెళ్లింది. 1964లో అమెరికాలోని సెబ్రింగ్ పందెంలో జీటీ అనే తన తరగతిలో గెలిచింది. 1965లో ఈ కార్ల జట్టు ఫెరారీని దాటి ప్రపంచ జీటీ ఛాంపియన్‌షిప్ కొట్టింది.

"ఇంజను అదే?"

"అదే."

"రేకు మార్చి నలభై, యాభై కిలోమీటర్లు లాగాడు." మావయ్య ఈ మాట నాతో అనలేదు, షెడ్డులో ఉన్న కుర్రాడితో అన్నాడు. ఆ కుర్రాడు ఎమరీ పేపరు పక్కన పెట్టి వచ్చి ఫోనులోకి తొంగిచూశాడు.

మిగతా ఐదు కార్ల బాడీలు ఇటలీలో, మోడెనా ఊళ్లో కొట్టించారని చెబితే మావయ్యకి ఎక్కడ లేని హుషారు వచ్చింది. అక్కడి పనివాళ్లు చెట్టు మొద్దులో గుంట తవ్వి, దాని మీద రేకు పెట్టి కర్ర సుత్తితో కొడతారని నేను అనబోయేంతలో ఆయన లేచి వెళ్లి షెడ్డు మూల నుంచి ఒక తుమ్మ మొద్దు దొర్లించుకొచ్చాడు. నడిమధ్య గిన్నెలా గుంట, అంచులు సుత్తి దెబ్బలకి నునుపెక్కి ఉన్నాయి. మావయ్య చేతి కింద అరిగిన గుంట అది.

"అల్యూమినియం ఇనుములాంటిది కాదురా. ఇనుము వేడెక్కితే ఎర్రబడి చెబుతుంది. ఇది చెప్పదు. తెల్లగా ఉండగానే ఒక్కసారి కారిపోతుంది. చూడు."

పాత బస్సు రేకు ముక్క ఒకటి తీశాడు, నా అరచేతి రెండింతలు ఉంటుంది. వంచబోతే మొండికేసింది. బట్టల సబ్బు తీసుకుని దాని మీద అడ్డంగా ఒక గీత గీశాడు. గ్యాస్ వెల్డింగ్ మంట సన్నగా పెట్టి, రేకు మీద ఒకేచోట ఆగకుండా అటూ ఇటూ ఆడించాడు. సబ్బు గీత ముందు పసుపుపచ్చ అయింది, తరవాత గోధుమరంగు, తరవాత నల్లబడింది. నల్లబడీ పడగానే మంట తీసేశాడు. "అంతే. ఇంకో నాలుగు క్షణాలు ఉంచితే చిల్లు." రేకు చల్లారాక నా చేతికిచ్చాడు. ఇందాక మొండికేసిన ముక్కే, చపాతీలా వంగింది. మొద్దు గుంట మీద పెట్టి కర్ర సుత్తితో అంచు నుంచి లోపలికి గుండ్రంగా కొట్టుకుంటూ వచ్చాడు. దెబ్బ పడేకొద్దీ రేకు మళ్లీ బిగుస్తుంది, అప్పుడు మళ్లీ సబ్బు, మళ్లీ మంట. కాసేపటికి బల్లపరుపు రేకు చిన్న దొప్ప అయింది. ఇనప దిమ్మ లోపల ఆనించి పైనుంచి చిన్న సుత్తితో తట్టి సాపు చేశాడు. డెబ్భై దాటిన మనిషి, చేతికి వణుకు ఉంది. సుత్తి పట్టినప్పుడు ఆ వణుకు కనపడలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. న్యూయార్కులో మోమా అనే ఆధునిక కళల మ్యూజియం 1951లోనే ఎనిమిది కార్లు తెచ్చి శిల్పాలుగా నిలబెట్టింది. వాటిలో ఇటలీ చిసిటాలియా ఒకటి, పినిన్‌ఫరీనా షెడ్డులో పుట్టిన బాడీ. అలాంటి కారునే ఆ మ్యూజియం 1972లో శాశ్వతంగా తీసుకుంది. తరవాత ఫెరారీ ఫార్ములా వన్ కారు కూడా వచ్చి చేరింది. ఆల్ఫా, బుగాటి కొన్నవాళ్లలో చాలామంది ఒట్టి ఛాసిస్ కొని, దాన్ని మిలాన్‌లోనో పారిస్‌లోనో రేకు పనివాళ్ల దగ్గరికి తోలుకెళ్లేవాళ్లు. మన హోసూరు నుంచి, జంషెడ్‌పూర్ నుంచి ఛాసిస్ ఆటోనగర్‌కి వచ్చినట్టే. పని అదే, సుత్తి అదే. వాళ్లు దాచుకున్నారు, మనం కిలోల లెక్కన తూకానికి వేశాం. బెజవాడ మొత్తం మీద పాతకాలపు చెక్క కేబిన్ లారీ ఒక్కటైనా చూరు కింద భద్రంగా ఉందా అని మావయ్యని అడిగాను. ఆయనకి తెలిసినంతలో లేదన్నాడు. అడవి మద్దితో చట్రం కట్టిన మేస్త్రీల పేర్లు నాలుగైదు చెప్పాడు, అందరూ పోయారు. ఇందాక బందరు రోడ్డులో బుద్ధుడి వస్త్రం మడతల ముందు నిలబడ్డ కాళ్లకి ఈ మాట చాలా బరువుగా తగిలింది. మ్యూజియంలో ఒక గది చాలు. ఒక కేబిను, ఒక తుమ్మ మొద్దు, నాలుగు సుత్తులు, బతికున్న మేస్త్రీల మాటలు రికార్డు చేసి పెడితే చాలు. దానికి కోట్లు అక్కర్లేదు, ఇప్పుడు మొదలుపెట్టడం కావాలి.

ఇంకో ఫొటో కూడా చూపించాను. 1979లో ఆండీ వార్హోల్ అనే అమెరికా చిత్రకారుడు రంగులు వేసిన బీఎండబ్ల్యూ ఎం1. కుంచె పట్టి కారు మీద నేరుగా, అరగంట లోపు పూర్తి చేశాడు. అదే కారు ఆ ఏడాది ల మాన్‌లో పరుగెత్తి ఆరో స్థానంలో వచ్చింది. మావయ్య దీన్ని తేలిగ్గా తీసిపారేస్తాడనుకున్నాను. చాలాసేపు చూశాడు. "రంగు తడి మీద వేలు పెట్టి గీశాడు ఇక్కడ. ధైర్యం ఉంది," అన్నాడు. ఆటోనగర్‌లో లారీ డోరు మీద నెమలి వేసే పెయింటర్లు కూడా పెన్సిలు గీత లేకుండా నేరుగా కుంచె పెట్టేవాళ్లట. ఒకాయన నెమలి ఎప్పుడూ తోక నుంచి మొదలుపెట్టేవాడట, మెడ చివర్న. ఎందుకని అడిగితే డోరు ఎంత మిగిలిందో చూసి మెడ తిప్పుతానని చెప్పేవాడట.

నాలుగింటికి అత్తయ్య క్యారియరులో పంపిన పులిహోర తిన్నాం, షెడ్డు బయట చెరకు రసం తాగాం. ఆ కుర్రాడు కోబ్రా ఫొటో తన ఫోనుకి పంపించుకున్నాడు.

లేచే ముందు మావయ్య మళ్లీ ఆ నీలం కారు అడిగాడు. వెనక తెగ్గొట్టిన చోట రేకు అంచు ఎలా మడిచారో తెలియాలి. లోపలికి తీగ పెట్టి మడిచారా, ఊరికే చుట్టేశారా. అంత పలుచటి రేకు ఆ వేగంలో కొట్టుకోకుండా ఉండాలంటే అంచులోనే పని ఉండాలంటాడు. నా దగ్గరున్న ఫొటోలన్నీ ముందు నుంచి, పక్క నుంచి తీసినవే. బస్సులోంచే చెల్లెలికి మెసేజ్ పెట్టాను. ఆ మ్యూజియం వాళ్లు కొన్ని శనివారాలు కార్లని వెనక ఖాళీ స్థలంలోకి తెచ్చి నడిపి చూపిస్తారు, ఈ కారు ఎప్పుడు తీస్తారో కనుక్కోమన్నాను. టికెట్ డబ్బులు నేనిస్తానని, కింద కూర్చుని తోక అంచు దగ్గర్నుంచి తీయమని, ఫ్లాష్ వెయ్యొద్దని రాశాను. వెలుతురు గీత పోతే మావయ్యకి ఏమీ తెలియదు.