ఎస్‌జీటీ కొట్టాను.. నిద్ర గురించి నాలుగు మాటలు

మెగా డీఎస్సీ, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి టీచర్ల నియామక పరీక్ష, దాని తుది జాబితాలో నా పేరుంది. గుంటూరు జిల్లా, ఎస్‌జీటీ (చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్). జాబితా వచ్చిన 2025 సెప్టెంబర్ 15న మీరూ నాలాగే ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటారు కాబట్టి ఆ రోజు టెన్షన్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ఏ పుస్తకాలు చదివావన్నా అని అడుగుతున్నారు. అందరూ చదివేవే, పాఠ్యపుస్తకాలు లైన్ వదలకుండా. నార్మలైజేషన్ (వేర్వేరు సెషన్ల మార్కులను సర్దే లెక్క) సంగతి మాత్రం నన్ను అడగకండి, నాకూ అర్థం కాలేదు.

నేను చెప్పాలనుకున్నది 2024 అక్టోబర్ టెట్ (టీచర్ అర్హత పరీక్ష) గురించి.

అప్పటికే టెట్‌లో నాకు 150కి 112 మార్కులు ఉన్నాయి. వెయిటేజీ లెక్క మీకు తెలిసిందే, టెట్‌లో 15 మార్కులు పెరిగితే డీఎస్సీలో రెండు మార్కులు. ఆ రెండు మార్కుల కోసం బ్రాడీపేటలో రాత్రంతా తెరిచి ఉండే స్టడీ హాల్‌లో చేరాను. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి పడుకునేవాడిని, ఇంకోరోజు రాత్రి పదకొండుకే. ఆదివారం మధ్యాహ్నం దాకా లేచేవాడిని కాదు. మొత్తం మీద రోజుకు ఏడు గంటల నిద్ర పడుతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

పరీక్షకు ముందు రాత్రి పదికి పడుకుంటే రెండున్నర దాకా కన్ను మూతపడలేదు. పొద్దున సెషన్. సైకాలజీలో ఒక బిట్: కొత్తగా నేర్చుకున్నది పాతదాన్ని గుర్తుకు రానివ్వకపోతే అది ఏ అవరోధం? మా బ్యాచ్‌లో అందరికీ అది నేర్పింది నేనే. చూస్తూ చూస్తూ పురోగమన అవరోధం అని పెట్టి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక తిరోగమనం అని వెలిగింది. 104 వచ్చాయి. ఎక్కువ వచ్చిన పాత మార్కులే లెక్కలోకి వస్తాయి కాబట్టి పోయిందేమీ లేదు. అయినా ఆ తర్వాత రెండు నెలలు నేను నేను కాదు. ఉప్మాలో ఉప్పు తగ్గిందని అమ్మ మీద ప్లేటు విసిరాను. పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చేది. దేనికీ పనికిరానన్న మాట రోజంతా చెవిలో మోగేది.

డిసెంబర్‌లో ఒక రాత్రి, ఎవరికీ చెప్పకుండా, టెలిమానస్ (మానసిక సమస్యలకు సర్కారు హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేశాను. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. డీఎస్సీ గురించి అడుగుతారనుకున్నాను. ఆ మేడమ్ నింపాదిగా అడిగింది, "రోజూ ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తారండీ?" అని. "ఏ రోజండీ?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది.

తర్వాత ఊరుకోలేక చదివాను (మనకు అలవాటే కదా). హార్వర్డ్‌లో 61 మంది విద్యార్థుల నిద్రను 30 రోజులు నమోదు చేశారట. క్రమం తప్పి పడుకునేవాళ్లూ, క్రమంగా పడుకునేవాళ్లూ సగటున పడుకున్న గంటలు దాదాపు ఒకటే. మార్కులు తక్కువ వచ్చింది మాత్రం క్రమం తప్పినవాళ్లకే. ఒంట్లోని గడియారం పొద్దున కంట్లో పడే వెలుతురును బట్టి సర్దుకుంటుంది. మనం రోజుకో టైమ్‌కి లేస్తే దానికి ఏ రోజు పొద్దు ఎప్పుడో తెలియదు. అమెరికాలో కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లను గమనించినా, నిద్రవేళలు మారిపోయేవాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. నిద్ర చెడి మనసు చెడిందా, మనసు చెడి నిద్ర చెడిందా అంటే నా అనుభవంలో రెండూ ఒకదాన్నొకటి లాక్కుపోయాయి.

మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. శని, ఆదివారాలు యార్డుకు సెలవైనా ఐదింటికే లేస్తాడు. స్టడీ హాల్ మానేసి ఆయన పక్కనే మంచం వేసుకున్నాను. ఐదింటికి ఆయన దగ్గు వినబడితే నేనూ లేవాలి, రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా సరే. లేచి డాబా మీద వెలుతురు వచ్చేదాకా నడక. మొదటి పది రోజులు నరకం, పుస్తకం మీదే తల వాలిపోయేది. మూడో వారానికి రాత్రి పదికే ఆవలింతలు. సంక్రాంతి దాటాక అమ్మ అంది, "ఈమధ్య అరవట్లేదేంట్రా?" అని.

పద్దెనిమిది గంటలు చదివామని స్టేటస్‌లు పెట్టేవాళ్లను చూసి బెదిరిపోకండి. నేను చదివింది తొమ్మిది గంటలే. బద్ధకం అన్నారు, మా మామయ్య ఏకంగా ఇంటికొచ్చి మరీ అన్నాడు. ఫర్వాలేదు. పదింటికి ఫోన్ పక్కన పెట్టలేనివాడు రేపు ముప్ఫై మంది పిల్లలను ఏం కూర్చోబెడతాడని నా వాదన. అయితే నెలల తరబడి దిగులు పోకపోతే నిద్ర టైమ్ మార్చుకుంటే చాలని మాత్రం అనుకోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో డీఎస్సీ నోటిఫికేషన్, జూన్‌లో పరీక్ష, అవన్నీ మీకు తెలిసినవే. నా పరీక్ష ముందు రాత్రి పదింబావుకు నిద్రపోయాను.

జాబితా వచ్చిన రాత్రి మాత్రం మూడింటి దాకా మేలుకునే ఉన్నాను. ఐదింటికి నాన్న దగ్గాడు. లేచాను.