‘అందం కోసమా?’ అని అడిగినవాళ్లకు: దవడ ఆపరేషన్‌కు సిద్ధమైన నా అనుభవం

నిన్న సాయంత్రం బీమా కంపెనీ నుంచి అనుమతి పత్రం వచ్చింది. వచ్చే వారం ఆసుపత్రిలో చేరుతున్నాను. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు ఓపిక ఉండదని అందరూ చెబుతున్నారు కాబట్టి, కోపం చల్లారకముందే ఇదంతా రాసి పెడుతున్నాను. ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు నా సంగతి. నా కింది దవడ ముందుకు పెరిగింది, పై దవడ పెరగాల్సినంత పెరగలేదు. దంతవైద్యులు దీన్ని మూడో తరగతి దవడ లోపం అంటారు. వెనక దవడపళ్లు మూస్తే ముందు పళ్లు ఒకదానికొకటి తగలవు. మొదటిసారి చూసిన ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరుస సరిచేసే వైద్యురాలు) గారు సన్నని కాగితపు ముక్క ఒకటి నా ముందు పళ్ల మధ్య పెట్టి, ‘గట్టిగా కొరికి పట్టుకో అమ్మా’ అన్నారు. కొరికాను. ఆవిడ కాగితాన్ని రెండు వేళ్లతో లాగితే ఎక్కడా పట్టు లేకుండా చక్కగా బయటికి వచ్చేసింది. ఏళ్ల తరబడి జామకాయను కత్తితో కోసి తింటున్నాను, అరిసెను చేత్తో తుంచుకుని పక్కపళ్ల కిందికి తోసుకుంటున్నాను, చేగోడీల జోలికే పోను. భోజనాల దగ్గర అందరూ లేచిపోయినా నా విస్తరి సగమే అయ్యేది. ఎదిగే వయసులో ఇంట్లో అందరూ దీన్ని ‘నెమ్మదిగా తినే అలవాటు’ అనుకున్నారు. అది అలవాటు కాదు, ఎముకలోని లోపం.

క్లిప్పులు వేసి సరిచేయలేరా అని చాలామంది అడుగుతారు. పళ్ల వరుస తేడా అయితే సరిచేయగలరు. తేడా ఎముకలోనే ఉంటే, పళ్లను వంచి దాన్ని కప్పిపుచ్చగలరు తప్ప దవడను కదపలేరు. పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్ అనే ఎక్స్‌రే మీద కోణాలు కొలిచి ఏది ఏమిటో తేలుస్తారు. ఎదుగుదల పూర్తిగా ఆగాకే ఆపరేషన్ చేస్తారు. కింది దవడ ఇంకా పెరుగుతుండగా చేస్తే, చేసిందంతా మళ్లీ పాడవుతుంది. మా ఊళ్లో ఒక దంతవైద్యుడు నాకు పద్నాలుగేళ్లప్పుడు ‘రెండు పళ్లు పీకి క్లిప్పులు వేస్తే సరి’ అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ చదివింది పదో తరగతి వరకే. అయినా ఆ రోజు ఆమె మాటే సరైనదని ఇప్పుడు ఇద్దరు నిపుణులు నాతో చెప్పారు. నేను దీన్ని గర్వంగా రాస్తున్నాను.

ఆపరేషన్‌కు ముందు ఏడాదికి పైగా క్లిప్పులు వేసుకోవాలి. ఇందులో ఎవరూ సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. ఈ దశలో ముఖం బాగుపడకపోగా ఇంకా తేడాగా కనిపిస్తుంది. దవడ తేడాకు సర్దుకుంటూ కింది ముందు పళ్లు ఏళ్ల తరబడి లోపలికి వాలి ఉంటాయి. క్లిప్పులు వాటిని నిటారుగా నిలబెడతాయి. దాంతో కింది వరుస మరింత ముందుకు వస్తుంది. ఆపరేషన్ రోజున ఎముక కదిలాక పళ్లు సరిగ్గా కలవాలంటే ఇది తప్పదు. ఆఫీసులో ‘క్లిప్పులు వేసుకున్నాక ఇంకా ఎక్కువైనట్టుందే’ అన్నవాళ్లకు ఇదే వివరించాను. అర్థం చేసుకున్నవాళ్లు చేసుకున్నారు. కింది జ్ఞానదంతాలు ముందే తీయించుకున్నాను. దవడ కోసే చోటే అవి ఉంటాయి కాబట్టి కనీసం ఆరు నెలల ముందు తీయించుకోమన్నారు. నొప్పి భరించదగినదే.

నిర్ణయం తీసుకోవడానికి మాత్రం చాలా ఆలోచించాను. మా సర్జన్ గారు ఓపికగా అన్నీ చెప్పారు. పై దవడను ముక్కుకు కింద అడ్డంగా కోసి ముందుకు జరుపుతారు. దీన్ని లెఫోర్ట్ వన్ అంటారు. 1901లో ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో పరిశోధించి చెప్పిన ఫ్రెంచి సర్జన్ రెనె లెఫోర్ట్ పేరు మీద ఆ మాట వచ్చింది. కింది దవడను రెండు వైపులా, అట్టముక్కను మందంలో రెండు పొరలుగా విడదీసినట్టు నిలువునా చీల్చి, ముందు భాగాన్ని వెనక్కి జరిపి టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఈ పద్ధతిని ట్రౌనర్, ఓబ్వెగెసర్ అనే సర్జన్లు 1957లో ప్రచురించారు. కోతలన్నీ నోటి లోపలే, బయట మచ్చ ఉండదు. కింది దవడ లోపల నడిచే నరం ఆ చీలిక పక్కనే ఉంటుంది కాబట్టి కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయి. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత శాశ్వతంగా మిగులుతుంది. ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ నిద్రలో నా ఊపిరి ఆగిపోవడం అమ్మ కళ్లారా చూసింది. నిద్ర పరీక్ష చేయిస్తే శ్వాస అడ్డుపడుతోందని తేలింది. పెదవి తిమ్మిరికి భయపడి ఊపిరి సంగతి వదిలేయలేను అనుకున్నాను. నిర్ణయం అయిపోయింది.

ఇక అసలు నరకం గురించి.

ఆసుపత్రి కింది అంతస్తులో బీమా కౌంటర్ ఉంది. నగదు లేకుండా చికిత్స కావాలంటే ముందు అక్కడ దరఖాస్తు పెట్టాలి. అమ్మా నేనూ వెళ్లాం. మా వెనక పెద్ద వరుస. లోపలి మనిషి నా కాగితాలు తిరగేసి, వరుసంతా వినిపించేలా ‘ముఖానికి ఆపరేషనా? అందం కోసం చేయించుకునేవాటికి ఇన్సూరెన్స్ రాదమ్మా’ అన్నాడు. ఇది దవడ లోపం, తినలేకపోతున్నాను అని చెప్పాను. ‘మాస్క్ తీయండి, చూద్దాం’ అన్నాడు. అతను డాక్టరు కాదు, నా ముఖం చూడాల్సిన పని అతనికి లేదు. కానీ చేతిలో నా దరఖాస్తు ఉంది. తీశాను. పక్క కుర్చీలోని మనిషి వైపు తిరిగి ‘బాగానే ఉన్నారు కదా’ అన్నాడు. తర్వాత నాతో, ‘సంబంధాలు చూస్తున్నారా?’ అన్నాడు.

అమ్మ కౌంటర్ గాజు కిటికీకి దగ్గరగా వంగి ‘బాబూ, మా అమ్మాయి కొరికి తినలేదు నాయనా’ అంది. దానికి అతను చెప్పిన జవాబు ‘మిక్సీలో వేసి పెట్టండమ్మా’. వెనక ఎవరో నవ్వారు. అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు. నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి వణుకుతోంది. నన్నెవరైనా ఏమైనా అంటే నేను తట్టుకుంటాను, చిన్నప్పటి నుంచి అలవాటే. మా అమ్మను అంతమందిలో అలా నిలబెట్టినందుకు ఆ మనిషిని క్షమించను.

మరునాడు తిరస్కరణ వచ్చింది. కారణం రెండు ముక్కలు: మినహాయింపు 08, సౌందర్య చికిత్స. దరఖాస్తులో వైద్యుడు నింపాల్సిన భాగం తీయించి చూస్తే, ఒక జూనియర్ డాక్టరు ‘ముఖ సౌష్ఠవం మెరుగుపరచడానికి’ అని రాసి ఉంది. తినడం గురించి, ఊపిరి గురించి ఒక్క మాట లేదు.

ఆ రాత్రి మా కంపెనీ గ్రూపు పాలసీ పత్రం మొత్తం చదివాను. ఈ పని మీరూ చేయండి, ఏజెంటు మాటో కౌంటర్ మాటో నమ్మకండి. 08వ మినహాయింపు, అంటే బీమా డబ్బివ్వని వాటి జాబితాలో 08వది, సౌందర్య చికిత్సల గురించినది నిజమే. ఇది దేశంలోని ఆరోగ్య పాలసీలన్నింటికీ బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఒకే రకంగా ఖరారు చేసిన పాఠం. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఈ మినహాయింపు వర్తించదు అంటుంది. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే అవసరమైన వైద్యంలో భాగమైతే కూడా వర్తించదు అంటుంది. ఆ అవసరాన్ని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరించాలి. తిరస్కరించినవాళ్లు వాక్యంలో మొదటి సగమే నాకు పంపారు. రెండో సగం కింద ఎర్ర గీత గీసి సర్జన్ గారి దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన కూర్చుని స్వయంగా ఉత్తరం రాశారు. ముందు పళ్ల మధ్య ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లో, సెఫలోగ్రామ్ కొలతలేమిటో, ఏ ఆహారం కొరకలేనో, నిద్ర పరీక్షలో ఏం తేలిందో, క్లిప్పులతో మాత్రమే ఎందుకు సరికాదో రాశారు. రూపం అనే మాట ఎక్కడా రానివ్వలేదు. ఊపిరితిత్తుల డాక్టరు గారు వేరే ఉత్తరం ఇచ్చారు. రెండూ జతచేసి మళ్లీ పంపాం.

ఈసారి కొత్త ప్రశ్న: ‘ఇది పుట్టుకతో వచ్చినదా?’ అమాయకంగా కనిపించే ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు ఇవ్వకండి. బయటికి కనిపించే పుట్టుక లోపాలకు చాలా పాలసీలు డబ్బివ్వవు. నాది పుట్టుకతో వచ్చినది కాదు, ఎదిగే వయసులో వచ్చింది. అమ్మ పాత ఆల్బమ్ తీసి, ఐదో తరగతిలో నేను మొక్కజొన్న కంకి కొరుకుతున్న ఫొటో వెతికి పెట్టింది. సర్జన్ గారి వాక్యంతో పాటు ఆ ఫొటో కూడా పంపాను.

జవాబు రాకపోతే బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాను, నియంత్రణ సంస్థ ఫిర్యాదుల కోసం పెట్టిన బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేశాను. నగదురహిత దరఖాస్తుపై గంటలో నిర్ణయం చెప్పాలని 2024లో నియంత్రణ సంస్థ ఆదేశించింది. క్లెయిమ్‌ను తిరస్కరించాలంటే సమీక్ష కమిటీ ఆమోదం ఉండాలని కూడా అందులోనే ఉంది. ఈ రెండూ ఫిర్యాదులో ఎత్తి రాశాను. 30 రోజుల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్తానని కూడా రాశాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆ అవసరం రాలేదు. నిన్న అనుమతి వచ్చింది. ఎవరి సిఫార్సూ లేదు. చదివి, రాసి సాధించుకున్నాను.

డబ్బు గురించి ఇంకొక్క మాట. క్లిప్పుల ఖర్చు మాత్రం బీమాలో రాదు, అది నా జీతంలోంచే పెట్టుకున్నాను. గది అద్దె మీ పాలసీ పరిమితి దాటితే గది ఒక్కదానికే కాదు, బిల్లులో చాలా పద్దులకు అదే నిష్పత్తిలో కోత పెడతారు. పెద్ద గది ఇప్పించాలని చూసే కౌంటర్‌వాళ్లు ఈ విషయం చెప్పరు.

మిగతా ఏర్పాట్లు సులువే. మత్తు డాక్టరు గారి పరీక్ష అయింది. గొట్టం ముక్కులోంచి వేస్తారట. రక్తం, గుండె పరీక్షలు బాగున్నాయి. సర్జరీలో పళ్లను సరైన చోట కలిపి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్ కోసం కొలతలు ఇచ్చాను. మొదట్లో అంతా ద్రవాహారమే, ఆపైన ఎముక అతుక్కునే దాకా మెత్తని తిండి. స్ట్రా వాడొద్దన్నారు కాబట్టి పెద్ద సిరంజిలు, వాటికి మెత్తని గొట్టాలు కొన్నాం. అమ్మ రాగి పిండి దోరగా వేయించి డబ్బాలో పోసింది. పప్పుకట్టు, మజ్జిగ, కూరగాయల చారు రెండుసార్లు వడకట్టి చూసుకుంది, సిరంజిలో అడ్డుపడకుండా. ముందే రెండు కిలోలు పెరగమన్నారు, పెరిగాను. మాట్లాడలేని రోజులకు ఒక పలక, సుద్దముక్కలు. అన్నయ్య నా ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టాడు.

పెద్దమ్మ ఇప్పటికీ ‘దేవుడిచ్చిన ముఖాన్ని మార్చుకుంటావా’ అంటోంది. కంటిశుక్లం ఆపరేషన్ ఆవిడ కూడా చేయించుకుంది. ఆ మాటే గౌరవంగా గుర్తు చేశాను.

ఇవాళ పొద్దున ఆ కౌంటర్ మనిషి మీద ఫిర్యాదు రాసి ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి ఇచ్చాను. అతను అన్న ప్రతి మాటా అందులో ఉంది. మాస్క్ తీయించడం, మిక్సీ మాట, సంబంధాల మాట, ఏదీ వదల్లేదు. సాక్షిగా అమ్మ సంతకం పెట్టింది. అందినట్టు ముద్ర వేయించుకుని నకలు ఇంటికి తెచ్చుకున్నాం.