దుబాసీల బడి

మా మేనకోడలు వియన్నాలో చదువుకుంటోంది. పోయిన అక్టోబరులో వెళ్ళినప్పుడు రాజభవనాలు చూపిస్తానంది. "అవి తర్వాత, ముందు ఫావోరిటెన్ వీధికి తీసుకెళ్ళమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ళు కోర్టులో అనువాదాలు చేసినవాణ్ణి. సాక్షి 'తోశాడు' అన్నదాన్ని 'కొట్టాడు' అని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అలాంటి పని నేర్పడానికి ఒక రాజ్యం 270 ఏళ్ళ కిందటే బడి పెట్టిందంటే, చూడకుండా ఎలా ఉంటాను?

మెట్రో దిగి కొంచెం నడిస్తే తెరేసియానుమ్ వస్తుంది. వీధి వెంట సాగిపోయే పెద్ద పాత భవనం. ఒకప్పుడు చక్రవర్తి ఆరో చార్లెస్ విడిది. ఆయన 1740లో ఇక్కడే చనిపోయాడు. కూతురు మరియా తెరేసా దీన్ని జెసూట్ ఫాదర్లకు అమ్మేసింది, వాళ్ళు బడి చేశారు. ఈ ఆవరణలోనే ఇప్పుడు వియన్నా డిప్లొమాటిక్ అకాడమీ, అంటే రాయబారులను తయారుచేసే బడి, ఉంది.

దాని మూలం 1754లో ఆ రాణి పెట్టించిన ప్రాచ్య భాషల అకాడమీ. 1683లో తురుష్క సైన్యం వియన్నాను ముట్టడించింది. తర్వాత అదే తురుష్కులతో సంధులు, వ్యాపారం నడపాల్సి వచ్చింది. ఇస్తాంబుల్‌లో ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పేది అక్కడి దుబాసీలే. వాళ్ళు ఎవరి మనుషులో తెలియదు. అందుకే సొంత కుర్రాళ్ళకే టర్కిష్, పారశీకం, అరబ్బీ నేర్పించాలనుకున్నారు. మన మద్రాసులో కంపెనీ వాళ్ళకూ ఇదే బెంగ. 1812లో సెయింట్ జార్జ్ కోట పేరుతో కాలేజీ పెట్టారు. బ్రౌన్ దొర తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది అక్కడే.

ఈ బడి పిల్లల్లో నాకు ఇష్టుడు హామర్. ఇస్తాంబుల్‌లో కొలువు చేశాడు, పారశీక కవి హఫీజ్ కవితలను జర్మన్‌లోకి తెచ్చాడు. 1814లో ఆ అనువాదం చదివిన జర్మన్ మహాకవి గోథే కదిలిపోయి తనే కొత్త కవితలు రాశాడు. శత్రువు మనసు తెలుసుకోవడానికి నేర్చిన భాష కవిత్వంగా ఇంటికొచ్చింది! గేటు దగ్గర నిలబడి ఈ సంగతి చెబుతుంటే నా గొంతు వణికింది.

"మరి వాల్డ్‌హైమ్ కూడా ఇక్కడివాడే కదా మామయ్యా?" అంది పిల్ల. నిజమే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ బడిలోనే చదివాడు. 1972 నుంచి 1981 వరకు ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్. ఆ యుద్ధంలో బాల్కన్ ప్రాంతంలో జర్మన్ సైన్యంలో పనిచేసిన సంగతిని ఏళ్ళ తరబడి దాచాడు, 1986లో బయటపడింది. మాటలో సగం మింగేసిన దుబాసిని నేను క్షమించలేను.

యుద్ధంలో మూతపడిన బడిని 1964లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు చాలా దేశాల పిల్లలు చదువుతున్నారు. రాయబారులే కాక అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులూ ఇక్కడ తయారవుతారు.

అదే యూ-1 మెట్రో ఎక్కితే ఎనిమిదో స్టేషన్‌లో ఐక్యరాజ్యసమితి భవనాలు. మర్నాడు టికెట్ కొనుక్కుని వెళ్ళాం. సమావేశ మందిరం ఖాళీగా ఉంది. పైన అద్దాల వెనక అనువాదకుల గదులు. ఒకదాంట్లో బల్ల మీద హెడ్‌ఫోన్, సగం తాగిన నీళ్ళ గ్లాసు. గైడ్ ముందుకు వెళ్ళిపోయింది. నేను ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాను.