కాలమ్ తీసేయించే ఉద్యోగం

"గవర్నమెంటు దవాఖానాలకు డిజైన్లు చేస్తావటగా, గోడల మీద బొమ్మలా?" అని మా మేనత్త ఏ పెళ్లిలో కనిపించినా అడుగుతుంది. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు "అవునత్తా, బొమ్మలే" అనేస్తున్నా. భోజనాల దగ్గర అంతకంటే ఓపిక ఉండదు.

మా టీమ్ చేసేది ఏఎన్‌ఎంలు (సబ్‌సెంటర్ నర్సులు), ఆశాలు ఊళ్లో పట్టుకు తిరిగే ట్యాబ్‌లోని యాప్. ముప్ఫై ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్, దాంతోపాటు గర్భిణుల నమోదు అందులోనే జరుగుతాయి. ఏ రాష్ట్రమో రాయను, కాంట్రాక్టులో షరతు ఉంది. ఇద్దరు డిజైనర్లు, ఒక రీసెర్చర్, ఫీల్డ్ టెస్టింగ్ చూసే ఒకబ్బాయి, రిటైరైన ఒక హెల్త్ సూపర్‌వైజర్. వీళ్లందరికీ లీడ్‌ని నేను.

కొత్తగా చేరిన పిల్లలు స్క్రీన్లు గీయడమే అసలు పని అనుకుంటారు. గీయడం వారంలో అయిపోతుంది. ఫారంలో ఒక్క ప్రశ్న తీసేయించాలంటే నెలలు పడుతుంది. ప్రతి కాలమ్‌కీ ఒక యజమాని ఉంటాడు. ఒకటి ఢిల్లీ నుంచి వచ్చిన ఫార్మాట్‌లోది. ఇంకోటి ఎప్పుడో అసెంబ్లీలో ఎవరో అడిగితే జవాబు కోసం చేర్చింది. మరొకటి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కానీ తీసేస్తే రేపు ఆడిట్‌లో అడుగుతారేమోనని అందరికీ భయం. అందుకే రివ్యూ మీటింగ్‌కి నేను స్క్రీన్లు పట్టుకెళ్లడం మానేశాను. ప్రశ్నల జాబితా పట్టుకెళ్తా, ఒక్కోదాని పక్కన "ఈ జవాబు చూసి ఎవరు ఏం చేస్తారు?" అని రాసి. ఆ గడి ఖాళీగా ఉన్నవాటి మీదే మాట్లాడతాం.

అన్నీ పోవు. సీబ్యాక్ ఫారం సంగతే తీసుకోండి. స్క్రీనింగ్‌కి ముందు ఆశా ఇంటికెళ్లి నింపేది అదే. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్ ఉన్నాయా, వీటన్నిటికీ మార్కులు. నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా స్క్రీనింగ్‌కి పంపాలి. అందులో ఒక ప్రశ్న, వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తారా అని. పొద్దున్నించి వంగి నాట్లేసి, అప్పుడే కాళ్లు కడుక్కుంటున్న మనిషిని ఆశా ఈ ప్రశ్న అడగాలి. ఒకావిడ మా రీసెర్చర్‌ని ఎగాదిగా చూసి, "నువ్వు చేస్తావా బిడ్డా?" అంది. దేశమంతటికీ ఉన్న ఫారం కాబట్టి ప్రశ్న తీసేసే అధికారం మాకు లేదు. కింద ఒక వాక్యం చేర్చాం: పొలం పని, కూలి పని, నీళ్లు మోయడం కూడా లెక్కలోకి వస్తాయి. అంతే. ఆ వాక్యానికి కూడా నోట్ ఫైల్, అంటే అధికారుల ఆమోదం కోసం పైకి వెళ్లే ఫైలు, నడిచింది.

అదే ఫారంలో ఆడవాళ్లకు వేరే ప్రశ్నలున్నాయి. రొమ్ములో గడ్డ ఉందా, ముట్లాగిపోయాక రక్తస్రావం అవుతోందా, కలయిక తర్వాత అవుతోందా. చాలా అవసరమైన ప్రశ్నలు. అడిగే చోటు మాత్రం వరండా. పక్కన అత్తగారు, ఎదురుగా మరిది, గుమ్మం దగ్గర పిల్లలు. ఆశా కూడా ఆ ఊరి కోడలే. ఆమె అడగదు. అన్నిటికీ "లేదు" నొక్కి ముందుకు పోతుంది, ఎందుకంటే ఆ పేజీ నింపకపోతే యాప్ ముందుకు కదలదు. పోనీ వదిలేసే వీలు కల్పిస్తే, ఆ ఇల్లు పెండింగ్ కింద సూపర్‌వైజర్ డాష్‌బోర్డ్‌లో ఎర్రగా కనిపిస్తుంది, శనివారం మీటింగ్‌లో పేరు చదువుతారు. కాబట్టి ఆ ఊళ్లో ఏ ఆడమనిషికీ ఏ లక్షణమూ లేనట్టు రికార్డు తయారవుతుంది.

దీనికి మా డిజైనర్ మంచి పరిష్కారమే తెచ్చింది. "ఒంటరిగా అడగాలి" అని ఒక బటన్. అది నొక్కితే ఆ ప్రశ్నలు ఏఎన్‌ఎం లిస్టులోకి వెళ్తాయి, ఆమె సబ్‌సెంటర్‌లో తలుపేసి అడుగుతుంది. స్క్రీన్ మీద ఇది ఒక పూట పని. అసలు చిక్కు డాష్‌బోర్డ్‌ది. ఆ కేసుల్ని ఏఎన్‌ఎం అడిగేదాకా పూర్తయినట్టు లెక్కపెట్టొద్దంటే జిల్లా శాతం పడిపోతుంది. శాతం పడితే డీఎంహెచ్‌ఓని, అంటే జిల్లా వైద్యాధికారిని, కలెక్టర్ అడుగుతారు. నేను పైస్థాయి అధికారిని ఒప్పించాల్సింది బటన్ గురించి కాదు, కొన్నాళ్లు ఆయన జిల్లాల అంకెలు తక్కువగా కనిపించడం గురించి. డిజైన్ కాలేజీలో ఇది ఎవరూ నేర్పరు. ఆయన ఒప్పుకున్నారు, ఒక్క జిల్లాకి. అంతలో ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

ట్రాన్స్‌ఫర్ల గురించి ఏడవడం దండగ. కొత్తాయన వచ్చిన వారంలోనే ఆయన టేబుల్ మీద ఉండేలా రెండు పేజీల కాగితం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఎవరు ఆమోదించారు, వెనక్కి మారిస్తే ఎవరికి ఇబ్బంది. రంగురంగుల స్లైడ్లు లేవు. నా టీమ్‌లో అందరికీ నోట్ ఫైల్ రాయడం రావాలని పట్టుబడతాను, ఆఖరికి ఐకాన్లు గీసే అమ్మాయికి కూడా.

ఇక ఆ రిటైరైన సూపర్‌వైజర్. ఆవిడను తీసుకోవడానికి హెచ్‌ఆర్ వాళ్లతో పెద్ద యుద్ధమే అయింది. "డిజైన్ క్వాలిఫికేషన్" అన్న గడిలో రాయడానికేమీ లేదట! ఇంటర్వ్యూ రోజు మా ప్రోటోటైప్ తీసుకుని బయట ఎండలోకెళ్లి నిలబడి, "ఇందులో నాకు నా మొహమే కనిపిస్తోంది, అక్షరాలేవి?" అన్నారు. టీమ్ అంతా ఆమెను అక్కా అంటుంది, ఆమె మాట మీదే సగం నిర్ణయాలు. చివరి నెలసరి తేదీ అడిగే చోట మామూలు క్యాలెండర్ పెడితే అక్క ఒప్పుకోలేదు. "తేదీ ఎవరు చెప్తారమ్మా? సంక్రాంతెళ్లిన నాలుగో రోజు అంటారు, అమావాస్య ముందు అంటారు" అన్నారు. ఆ తేదీకి 280 రోజులు కలిపే కదా ప్రసవం తేదీ వేసేది, అక్కడ పది రోజులు తేడా వస్తే తర్వాతి లెక్కంతా తప్పే. ఇప్పుడు మా క్యాలెండర్‌లో పండగలు, అమావాస్య, పౌర్ణమి కనిపిస్తాయి. బోనాలు ఊరికో రోజు కాబట్టి వాటిని వదిలేశాం.

ఓటీపీ విషయంలో అక్క దగ్గర కూడా మందు లేదు. ఆభా నంబర్ (మనిషికో డిజిటల్ ఆరోగ్య ఐడీ) తీయాలంటే ఎక్కువగా ఆధార్ ఓటీపీ మీదే ఆధారం. ఆధార్‌కి లింకైన ఫోన్ హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. అతనికి ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే, బ్యాంకూ పోలీసులూ ఎవరికీ చెప్పొద్దని చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నది దాన్నే. అతను చెప్పకపోవడమే సరైనది! ఆభా ఐచ్ఛికమని, లేకపోయినా వైద్యం ఆపకూడదని పాలసీలోనే ఉంది. కాబట్టి "ఇప్పుడు వద్దు" బటన్‌ని మిగతా బటన్లంత పెద్దగా పెట్టాం. దాన్ని చిన్నది చేయమని అప్పుడప్పుడు మెయిల్ వస్తుంటుంది. నేను పాలసీ పేజీ జత చేసి తిప్పి పంపుతాను.

మా కుర్రాళ్లకు అమెరికా వాళ్ల ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ కథ ఇష్టం. 2013 అక్టోబరు 1న తెరిస్తే తొలిరోజు చేరగలిగింది ఆరుగురు, ఆ దెబ్బతో మరుసటి ఏడాది అక్కడ ప్రభుత్వంలోనే డిజిటల్ టీమ్ పెట్టారు. బాగుంది. నేను మాత్రం 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ గురించి చెప్తాను. తెల్లకార్డు పట్టుకుని పెద్ద ఆస్పత్రి గేటు దగ్గర బిక్కమొహం వేసిన మనిషికి, ఏ కౌంటర్‌కి పోవాలో చెప్పడానికి హెల్ప్ డెస్క్‌లో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషిని కూర్చోబెట్టారు. స్క్రీన్ కాదు, మనిషి. మా యాప్‌లో ఏదైనా కొత్త ఫీచర్ అడిగినప్పుడు, ఇది మనిషి చేస్తే బాగుంటుందా అని కూడా ఒకసారి చూడమంటాను. ఫీచర్ అడిగిన వాళ్లకు ఇది నచ్చదు.

తెలుగు వత్తుల గొడవ కూడా రాయాలి. ఇంగ్లిష్‌కి సరిపోయేలా వరుసల ఎత్తు పెడితే "స్త్రీ"లో కిందిభాగం తెగిపోతుంది. ప్రతి కొత్త వెర్షన్‌లో ఎవరో ఒక డెవలపర్ దాన్ని మళ్లీ తగ్గిస్తాడు. దీని గురించి వేరే పోస్టు పెడతా, బీపీ పెరగని రోజు చూసుకుని.

ప్రస్తుతం పైకి వెళ్లిన ఫైలు గర్భిణుల పేపర్ రిజిస్టర్ ఆపడం గురించి. ఏఎన్‌ఎంలు పగలు ట్యాబ్‌లో కొట్టిందే రాత్రి ఇంట్లో కూర్చుని మళ్లీ రిజిస్టర్‌లో రాస్తున్నారు. "ట్యాబ్ పాడైతే రికార్డు ఎక్కడుంటుంది?" అని అధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నెలకోసారి పీహెచ్‌సీలో ప్రింట్ తీసి, మెడికల్ ఆఫీసర్ సంతకంతో ఫైల్ చేస్తే సరిపోతుందా అని కొన్నిచోట్ల చూస్తున్నాం. ఏఎన్‌ఎంలకు నచ్చింది, మెడికల్ ఆఫీసర్లకు అభ్యంతరం లేదు. ప్రింటర్ కార్ట్రిడ్జ్ ఏ పద్దు కింద కొనాలో ఇంకా తేలలేదు. సోమవారం దాని మీదే మీటింగ్.