మా జున్ను కంటి వైద్యం: నా అనుభవం

జున్ను మా ఇంటికి వచ్చేటప్పటికే తుమ్ముతోంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టిన పిల్లికూన, టీకాలేవీ పడలేదు. మొదట రెండు కళ్ళూ నీళ్ళు కారాయి. తర్వాత అవే చిక్కబడి పచ్చటి పుసి అయ్యాయి. పొద్దున చూస్తే రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. కానీ నాకు టెన్షన్ పెట్టింది పుసి కాదు, ఎడమ కన్ను. దాన్ని సగం మూసే ఉంచుతోంది, వెలుతురు పడితే తల తిప్పేసుకుంటోంది. ముక్కు వైపు మూలలోంచి తెల్లటి పొర ఒకటి కంటి మీదికి జరిగింది. అది జబ్బుతో పుట్టిన పొర కాదట, పిల్లులన్నిటికీ ఉండే మూడో రెప్ప. కన్ను నొప్పి పెడితే అలా బయటపడుతుంది.

సలహాలకు కొదవేముంది! అత్తయ్య ఆముదం చుక్క వేయమన్నారు, పక్కింటి పిన్నిగారు చనుబాలు అన్నారు. మెడికల్ షాపు అబ్బాయి మనుషుల కళ్ళకలక మందు చేతిలో పెట్టాడు. పెట్టె మీద చదివితే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. వెనక్కి ఇచ్చేసి, పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ నారింజ రంగు కాగితపు ముక్కను తడిపి కంటికి తాకించారు. లైట్లార్పి నీలం వెలుగు వేయగానే నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా మెరిసింది, చిన్న చెట్టుకొమ్మలా చీలి. పైపొరలో పుండు ఉన్నచోటే ఆ రంగు పడుతుందట. కొమ్మల్లా చీలితే పిల్లుల హెర్పిస్ వైరస్ పనే అన్నారు. ఇలాంటి పుండు మీద స్టెరాయిడ్ పడితే మానకపోగా లోతుకు దిగుతుంది, గుడ్డుకు చిల్లు కూడా పడొచ్చు. ఈ వైరస్ మనుషులకు అంటదు, వేరే పిల్లులకు మాత్రం ఇట్టే అంటుకుంటుంది.

టోబ్రామైసిన్ చుక్కలు, కంటికి తడినిచ్చే జెల్, వైరస్ మీద పనిచేసే ఫామ్‌సిక్లోవిర్ బరువును బట్టి రాశారు. చుక్కలు వైరస్‌ను చంపవు, పుండులో బ్యాక్టీరియా చేరకుండా కాస్తాయి. మనుషులకొచ్చే వేరే రకం హెర్పిస్‌కు మనం మింగే ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ మాత్రలు పిల్లులకు విషమని గట్టిగా హెచ్చరించారు.

రాయడం తేలిక, వేయడమే యుద్ధం. ఎదురుగా సీసా కనిపిస్తే జున్ను సోఫా కిందే. అందుకని తువ్వాల్లో చుట్టి, దాని వీపు నా పొట్టకు ఆనేలా మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకునేదాన్ని. కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళలో తడిపిన దూది కాసేపు అద్ది ఉంచితే పుసి నానుతుంది. ఎండిన పుసిని పీకకూడదు. ఒక కంటి దూది రెండో కంటికి వాడలేదు. తర్వాత గడ్డం పైకెత్తి, వెనకనుంచి చేయి తెచ్చి చుక్క. సీసా మూతి కంటికి తగలకూడదు. చుక్కలకీ జెల్‌కీ మధ్య 10 నిమిషాల ఎడం. జెల్ ముందు వేస్తే చుక్కలు లోపలికి ఇంకవు. గోకకుండా మెడకు గరాటాలాంటి కోన్ పెట్టాం. దాంతో గోడలన్నీ గుద్దుకుంటూ తిరిగింది పాపం.

ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన లేందే ముద్ద ముట్టదు. ఉప్పూ కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేప వేడివేడిగా పెడితే నాలుక కదిపింది. పిల్లి ఒక రోజంతా తినకపోతే ఆగకుండా ఫోన్ చేయమన్నారు, కాలేయం దెబ్బతింటుందట.

కన్ను బాగా తెరుస్తున్నా, మళ్ళీ రంగు పరీక్షలో మెరుపు కనిపించనంతవరకు మందు ఆపనివ్వలేదు. వైరస్ మాత్రం ఒంట్లోనే నక్కి ఉంటుంది. దీపావళి టపాసులకు బెదిరి మళ్ళీ కన్ను కార్చింది. కన్ను విప్పే ఉంది కాబట్టి తుడిచి ఊరుకున్నాను, సగం మూసి ఉంటే అప్పుడే పరిగెత్తేదాన్ని. కోలుకున్నాక టీకా వేయించాం. అది జబ్బును పూర్తిగా ఆపదు గానీ తీవ్రత తగ్గిస్తుంది. సెల్లార్‌లో మిగిలిన పిల్లికూనలకూ వేయిద్దామని అసోసియేషన్‌లో చందా అడిగాను. సెక్రటరీగారు "చూద్దాంలెండి" అన్నారు. ఈసారి మెయింటెనెన్స్ కట్టేటప్పుడు మళ్ళీ అడుగుతాను.