నాకు చెప్పిన ఓటీపీలు

మా షాపులో రోజుకి ముప్పై మందైనా వాళ్ళ ఓటీపీ నాకు చెప్తారు. కొందరు నేను అడక్కముందే చెప్పేస్తారు. కొందరైతే ఫోన్ నా చేతిలో పెట్టేసి, "నువ్వే చూసుకో అన్నా" అని పక్కకొట్లో టీ తాగడానికి పోతారు.

తిరుపతి ఆర్టీసీ బస్టాండుకి దగ్గర్లో జిరాక్స్, ఆన్‌లైన్ షాపు నాది. రెండు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, లామినేషన్ మిషన్, నేను, నేను భోజనానికి పోయినప్పుడు మా ఆవిడ. బోర్డు మీద "అన్ని ఆన్‌లైన్ సేవలు చేయబడును" అని రాయించాను. ఆ 'అన్ని' ఎంత పెద్ద మాటో రాయించేటప్పుడు తెలీలేదు.

పోయినేడు వానల టైములో పాకాల వైపు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. నాలుగు నెలలకోసారి పడే పీఎం కిసాన్ 2,000 రూపాయలు ఆగిపోయాయట. ఈకేవైసీ చేయించుకోమని ఊళ్ళో ఎవరో చెప్పి పంపారు. ఆధార్ నంబర్ కొట్టాను. ఓటీపీ పోయింది. అవ్వ ఫోన్‌కి కాదు, బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌కి. ఆధార్‌కి లింకైంది ఆయన నంబరు. అవ్వ కొంగు ముడి విప్పి మడతలు పడిన కాగితం తీసింది. నా ఫోన్ నుంచే చేశాను. రింగ్ కంటే ముందు ఆ రికార్డు గొంతు మొదలైంది, తెలియనివాళ్ళకి ఓటీపీ చెప్పొద్దని. అది మొత్తం విన్నాక కొడుకు ఎత్తాడు.

"సార్, తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింటాది, రొంత చెప్పండి సార్."

మాట బయటికొచ్చాక గానీ అది ఎట్లా వినపడుతుందో నాకు తట్టలేదు. అవతల మొదలైన తిట్లు ఇక్కడ రాయలేను. సర్దుకుని, "సార్ సార్, మీ అమ్మ ఇక్కడ నా దగ్గరే ఉంది" అన్నాను. దాంతో ఇంకా చెడింది. ఈసారి పోలీసుల పేరొచ్చింది. చివరికి అవ్వే ఫోన్ లాక్కుని, "ఒరే, నేనేరా. ఆ నంబరేందో గమ్మున చెప్పు, నాకు బస్సుకి టైమైతా ఉండాది" అంది. ఆయన చెప్పేలోపు గడువు అయిపోయింది. మళ్ళీ పంపించి, మళ్ళీ చెప్పించుకుని, పని పూర్తి చేశాం.

ఆ కొడుకు మీద నాకు కోపం లేదు. అట్లా తిట్టాల్సిందే. ముక్కూ మొహం తెలీనివాడు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే వాడు దొంగ అని బ్యాంకులు, పోలీసులు, ప్రభుత్వం అందరూ ఏళ్ళ తరబడి చెప్తున్నారు. అదే ప్రభుత్వంలో పని కావాలంటే మాత్రం, చదువు రాని మనిషి వెళ్ళి నాలాంటి ముక్కూ మొహం తెలీనివాడికి ఓటీపీ చెప్పక తప్పదు. ఈ రెండూ ఒకే నోటితో ఎట్లా చెప్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాలర్ ట్యూన్ రాసినవాళ్ళెవరూ మా షాపు ముందు ఒక పూట కూర్చున్నవాళ్ళు కాదని మాత్రం అర్థమవుతుంది.

ఓటీపీ రుజువు చేసేది ఒక్కటే, ఆ నంబరుకి పంపిన అంకెలు ఎవరో ఒకరికి అందాయని. ఆ ఎవరో అవ్వా, కొడుకా, నేనా అన్నది దానికి పట్టదు. మెసేజ్‌లోనే అది దేనికి వచ్చిందో రాసి ఉంటుంది, బ్యాంకుదైతే ఎంత డబ్బు కట్ అవబోతోందో కూడా ఉంటుంది. ఎక్కువగా ఇంగ్లీషులోనే. మా దగ్గరికి వచ్చేవాళ్ళ కళ్ళు నేరుగా ఆరంకెల దగ్గరికి పోతాయి. డిగ్రీ చదివిన పిల్లలూ అంతే. దేనికొచ్చిందో చెప్పే లైను చదివినవాళ్ళు మోసపోవడం తక్కువ అని నా నమ్మకం. ఆ లైను తెలుగులో పంపడానికి అడ్డేమిటో?

ఇక దర్శనం టికెట్ల సంగతి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే రోజు పొద్దున తొమ్మిదిన్నరకే మా షాపులో నిలబడ్డానికి చోటుండదు. వేలూరు, చిత్తూరు నుంచి కూడా వస్తారు. చేతిలో నా సిస్టమ్ కంటే ఖరీదైన ఫోన్ ఉన్నా సరే, "షాపులో నెట్ స్పీడ్ ఎక్కువ కదన్నా" అంటారు. పదిగంటలకి లోపలికి పోగానే స్క్రీన్ మీద వర్చువల్ క్యూ వస్తుంది. ఆ వెయిటింగ్‌లో నా ఫైబర్ కనెక్షనూ, వాళ్ళ ఫోన్ డేటా ఒకే వరసలో కూర్చుంటాయి. ఇది ఎంత చెప్పినా నమ్మరు. ఒకాయన చెవి దగ్గరికి వంగి, "హ్యాకింగ్ సాఫ్ట్‌వేర్ ఏమన్నా ఉంటే చెప్పు, డబ్బులకి చూసుకోవద్దు" అన్నాడు. స్వామి దర్శనానికి హ్యాకింగ్! నవ్వొచ్చింది గానీ, ఇదే మాటకి ఉందని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ళు ఈ ఊళ్ళో దొరకరని నేననను.

నకిలీ వెబ్‌సైట్ల గోల వేరే. దీంట్లో భక్తుల తప్పు సగమే. దేవస్థానం అసలు సైటే మొదట టీటీడీ సేవా ఆన్‌లైన్ డాట్ కామ్. తర్వాత తిరుపతి బాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అయింది. ఇప్పుడు టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. మూడు పేర్లు మారాక మామూలు మనిషి దేన్ని గుర్తు పెట్టుకుంటాడు? నేను అందరికీ చెప్పేది ఒకటే. ఉత్తరం మీద అడ్రస్ మాదిరి చదవండి. ఇంటి పేరు ముందు ఎంత గొప్పగా ఉన్నా, కార్డు ఏ ఊరికి పోతుందో కింది లైను చెప్తుంది. వెబ్ అడ్రస్‌లోనూ అంతే, డాట్ కామ్, డాట్ ఇన్ తర్వాత మొదటి ఏటవాలు గీత (స్లాష్) వస్తుంది చూడండి, ఆ గీతకి ముందున్న చివరి ముక్కలు చూడాలి. అక్కడ డాట్ గవ్ డాట్ ఇన్ లేకపోతే, ముందు బాలాజీ ఉన్నా గోవిందా ఉన్నా మనకి అనవసరం.

ఈ షాపు మొదట్లో నెట్ సెంటరు. ప్లైవుడ్ గదులు, గంటకి పదిహేను రూపాయలు, రిజిస్టర్లో సంతకం. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, ఆర్నెల్లకి పైగా డేటా ఫ్రీ. నా గదులు ఖాళీ. ప్లైవుడ్ ఊడబీకి జిరాక్స్ మిషన్ పెట్టుకున్నా. నెట్ అందరి చేతికీ వచ్చేసింది, ఇక నాతో పనేముంటుందని అప్పుడు బెంగపడ్డాను. తీరా చూస్తే అప్పటికంటే ఇప్పుడే జనం ఎక్కువ. చేతిలో నెట్ ఉండడం, దాంతో ఆఫీసు పని చేసుకోగలగడం రెండు వేరు వేరు సంగతులని నాకు నా గల్లాపెట్టే చెప్పింది.

హ్యాకింగ్ అన్న మాట మా దగ్గర ఎట్లా వాడతారో చెప్తాను. 2024లో సంక్రాంతి అయిన కొత్తల్లో, పక్క వీధి లాడ్జిలో పనిచేసే అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, నా వాట్సాప్ హ్యాక్ చేసినారు." వాడి పేరుతో బంధువులందరికీ 'అర్జెంటుగా ఐదు వేలు పంపు' అని పోతున్నాయి. ఏం జరిగిందో ఒక్కో ముక్కా అడిగాను. పార్సిల్ వచ్చింది, డెలివరీ బాయ్ లైన్లోకి రావాలంటే స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబర్ కొట్టు అని ఎవడో ఫోన్లో చెప్పాడు. వీడు కొట్టాడు. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. ఆ క్షణం నుంచి వీడి కాల్స్ వాడికి పోతాయి. వాడు తన ఫోన్లో వీడి నంబర్‌తో వాట్సాప్ పెట్టి, కోడ్ మెసేజ్‌గా వద్దు, కాల్ చేసి చెప్పు అని నొక్కాడు. కాల్ వాడికే పోయింది. అంతే.

స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొట్టి చూస్తే, తెలీని నంబరొకటి దర్జాగా కూర్చుని ఉంది. రెండు హ్యాష్‌లు, 002, హ్యాష్ కొట్టి తీసేశాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను, బంధువులకి వరసపెట్టి చెప్పించాను. వాళ్ళ చిన్నాన్న అప్పటికే పంపేశాడు. ఆ ఏప్రిల్ 15 నుంచి ఇట్లాంటి కోడ్లతో ఫార్వర్డింగ్ ఆపేయమని టెలికాం శాఖ కంపెనీలకి చెప్పింది, మంచిదే. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, అంటే ఓటీపీ తర్వాత అడిగే మన సొంత నంబరు, పెట్టుకుని ఉంటే వాడి ఆట అక్కడే ఆగేది. ఆ రోజు నుంచి ఏ పని మీద వచ్చినా సరే, ఆ పిన్ పెట్టించి గానీ పంపట్లేదు. ప్రింటు ఐదు రూపాయలు, పిన్ ఫ్రీ.

ఇంత చెప్తున్నవాణ్ణి, నా సంగతి కూడా చెప్పాలి కదా.

ఒకరోజు నెట్ మరీ నత్తనడక నడుస్తుంటే రౌటర్ లోపలికి పోయి చూశాను. పద్నాలుగు ఫోన్లు కనెక్టయి ఉన్నాయి. షాపులో ఉన్నది నేనొక్కణ్ణే. బయట జీపు స్టాండులో డ్రైవర్లందరూ తలవంచుకుని రీల్స్ చూస్తున్నారు. ఎట్లా దొరికింది మీకు పాస్‌వర్డ్ అని ఒకణ్ణి నిలదీశాను. వాడు నన్ను జాలిగా చూసి, వేలు పైకెత్తి నా బోర్డు చూపించాడు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు నా సెల్ నంబర్నే పాస్‌వర్డ్‌గా పెట్టి పోయాడు. అది బోర్డు మీద అడుగు ఎత్తు అక్షరాల్లో ఉంది. రెండేళ్ళుగా ఉంది. మా వీధిలో ఇంకో ఏడిళ్ళకి పోయి చూశాను, ఐదిళ్ళలో ఇంటి యజమాని నంబరే పాస్‌వర్డ్. హ్యాకర్ అక్కర్లేదు, పెళ్ళి పత్రిక చాలు.

అది నవ్వుకునే సంగతి. ఇది కాదు. దీపావళికి సిస్టమ్ దుమ్ము దులుపుదామని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. రెండు వేలకి పైగా పీడీఎఫ్‌లు. జనం ప్రింటు కోసం వాట్సాప్‌లో, మెయిల్లో పంపినవి. ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఒకరి భూమి దస్తావేజు. ఈ ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి, పక్కన పుట్టిన సంవత్సరం, అదీ పాస్‌వర్డ్. తిరుపతిలో ఇది తాళం కాదు. వెంకటేశు, వెంకటమ్మ, వెంకటరమణ, వెంకట్రామిరెడ్డి, ఎవరి కార్డైనా వి, ఇ, ఎన్, కె. సంవత్సరం ఒక్కటే ఊహించాలి, అది మనిషి మొహం చూస్తే అటూ ఇటూగా తెలుస్తుంది.

చెమట పట్టింది. నేను దొంగని కాదు కాబట్టి సరిపోయింది, అంతే. మా షాపులో కుర్రాణ్ణి ఎవర్నైనా పెట్టుకుని ఉంటే? సిస్టమ్ రిపేరుకి ఇచ్చి ఉంటే? ఇచ్చాను కూడా, రెండుసార్లు. అన్నీ షిఫ్ట్ డిలీట్ కొట్టాను. ఇప్పుడు షట్టర్ వేసే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయడం, దీపం కొండెక్కించడం రెండూ ఒకటేసారి చేస్తాను. చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసిస్తానని కూడా చెప్తాను. తీసుకునేవాళ్ళు తక్కువ. ఆఫీసులో ఒప్పుకోరంటారు. ఆ మాటా అబద్ధం కాదు, అట్లా తిప్పి పంపిన ఆఫీసులు నాకు తెలుసు.

ఆ తర్వాతే ఇంకో పని చేశాను. అంకెలు మాత్రమే ఉండే చిన్న కీప్యాడ్ ఒకటి, పొడుగు వైరుతో కొని కౌంటరు అవతలికి పెట్టాను. ఒక మానిటర్ కూడా కస్టమర్ వైపు తిప్పాను. మెసేజ్ దేనికొచ్చిందో నేను తెలుగులో చెప్తాను, అంకెలు వాళ్ళే కొట్టుకోవాలి. దీనివల్ల పని ఆలస్యం. బస్సుకి టైమైందని విసుక్కుంటారు. మా ఆవిడైతే, "ఇట్లా చేస్తే రోజుకి పది మంది పక్క షాపుకి పోతారు" అంటుంది. పోతున్నారు కూడా.

మొన్న ఆ పాకాల అవ్వ మళ్ళీ వచ్చింది, ఆధార్ ప్రింటుకి. ఈసారి లింకైంది ఆమె సొంత బటన్ ఫోనే, ఆధార్ సెంటరుకి పోయి మార్పించుకోమని నేనే వెంటపడ్డాను. ఫోన్ నా ముందు పెట్టబోయింది. కీప్యాడ్ అటు జరిపాను.

"నేనా? నాకేం తెల్సు నాయినా?"

"ఫోన్లో కొట్టినట్టే అవ్వా. ఇది నీ ఆధార్ కాగితం తీసేదానికి వచ్చిన నంబరు. ఇంక దేనికీ కాదు. చూసి కొట్టు."

ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుంది. ఒక అంకె చూసి, ఫోన్ దించి, కీప్యాడ్ మీద వెతికి, చూపుడువేలితో గట్టిగా అదిమింది. మళ్ళీ ఫోన్ ఎత్తింది. నాలుగో అంకె దగ్గర, అది మూడా ఎనిమిదా అని ఆగింది. వెనక ముగ్గురు నిలబడున్నారు. నేను ప్రింటర్లో కాగితం సర్దుతున్నట్టు అటు తిరిగాను. ఆరో అంకె కొట్టేసరికి స్క్రీన్ మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

"గడువు అయిపోయిందవ్వా."

"అయితే ఇంకోటి రమ్మను" అంది, కీప్యాడ్ తన వైపు ఇంకాస్త లాక్కుని.