మూడు భాషల ఇంట్లో రెండేళ్ల పాప మాటల లెక్క

రెండేళ్ల చెకప్‌కి వెళ్తే పిల్లల డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న: "ఎన్ని మాటలు చెప్తోందమ్మా?" అమ్మ వేళ్లు మడుస్తుంది. అమ్మ, నాన్న, బువ్వ, పాలు, లాల, జేజి, వద్దు... ఓ ముప్పై దాకా తేలతాయి. పక్కన కూర్చున్న నాన్న మాట్లాడడు. పాప తనతో హిందీలో చెప్పే మాటలు కూడా మాటలేనని ఆయనకి ఆ క్షణంలో తట్టదు. నాన్నమ్మ వీడియో కాల్‌లో నేర్పిన ఒడియా ముక్కలైతే ఎవరికీ గుర్తుండవు. చీటీ మీద "మాటలు ఆలస్యం" అని పడిపోతుంది.

వైజాగ్‌లో ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. ఉక్కునగరం క్వార్టర్లు, నేవీ కాలనీలు, పోర్టు ఉద్యోగుల అపార్ట్‌మెంట్లు ఎక్కడ చూసినా ఇంట్లో ఒక భాష, మెట్లు దిగితే ఇంకొకటి, ప్లేస్కూల్ గేటు దాటితే ఇంగ్లీషు. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటల జబ్బు రాదు. చాలాసార్లు తప్పేది లెక్కే.

సరిగ్గా లెక్కపెట్టాలంటే ఒక గీతల నోట్‌బుక్ చాలు. ఫ్రిజ్ మీద పెట్టి, పెన్ను దారంతో కట్టేయండి. లేకపోతే రెండో రోజుకే పెన్ను మాయం. పేజీలో నాలుగు గళ్లు: పాప పలికిన తీరు, దాని అర్థం, ఎవరితో అంది, తేదీ. మొదటి గడిలో పాప ఎలా పలికితే అలాగే రాయాలి. "కాకి" అని దిద్ది రాస్తే పనికిరాదు. "తాతి" అంటే "తాతి" అనే రాయండి. అది కాకో తాతయ్యో రెండో గడి చెబుతుంది. భాష పేరుకి వేరే గడి అక్కర్లేదు, ఎవరితో అందో తెలిస్తే భాష తెలిసిపోతుంది. రెండు వారాలు రాస్తే చాలు. అమ్మ ఒక్కతే రాస్తే మళ్లీ మొదటికొస్తాం కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లందరూ రాయాలి.

ఏది మాట, ఏది కాదు? ఎవరూ అందించకుండా, ఒకే వస్తువుకి ఒకే శబ్దం, వేర్వేరు సందర్భాల్లో మూడుసార్లు వాడితే మాట కింద రాసుకోండి. ఉచ్చారణ వంకరగా ఉన్నా పర్వాలేదు. కుక్కని "బౌ" అన్నా, మేకని "మే" అన్నా లెక్కే. మనుషుల పేర్లూ, "టాటా" కూడా లెక్కే. మీరు "చెప్పు, చెప్పు" అంటే తిరిగి చెప్పింది లెక్కలోకి రాదు. ప్లేస్కూల్ రైమ్ మొత్తం అప్పజెప్పినా అందులో ఒక్క మాటా రాయొద్దు. అందులోంచి "స్టార్" తీసి ఆకాశం చూపించి అన్న రోజు రాయండి.

ఇక చిక్కులు. బస్సు, ఫ్యాన్, ఫోన్, టీవీ ఏ భాషవి? అన్ని భాషలవీ. ఒక్కసారే రాసుకుని వదిలేయండి. అసలు చిక్కు చేప దగ్గర వస్తుంది. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో చేప పిల్లలకి తొందరగా నోటికొచ్చే మాటల్లో ఒకటి కావడం వింతేం కాదు. పాప "మాచి" అంటుంది. హిందీ మఛ్లీనా, ఒడియా మాఛొనా? మూడో గడి చూడండి. హిందీ నాన్నతో కూడా, ఒడియా నాన్నమ్మతో కూడా అంటే, రెండు మాటలుగా రాయకుండా ఒక్కటిగానే ఉంచండి. వాళ్లిద్దరితో వేర్వేరుగా పలకడం మొదలుపెట్టాక విడదీయండి.

రెండు వారాలయ్యాక రెండు మొత్తాలు వేయాలి. మొదటిది అన్ని మాటల మొత్తం. ఉదాహరణకి తెలుగు 31, హిందీ 14, ఇంగ్లీషు 12 ఉంటే 57. రెండోది అర్థాల మొత్తం. నీళ్లు, పానీ రెండూ ఉంటే మాటలు రెండు, అర్థం ఒకటి. అలాంటి జంటలు 9 ఉంటే 57లోంచి 9 తీసేస్తే 48. ఈ రెండు అంకెలూ డాక్టరుకి చెప్పండి. తెలుగులో 31 అని మాత్రం చెప్తే పిల్లకి అన్యాయం చేసినట్టే. ఏ ఒక్క భాషలోనూ మాటల సంఖ్య ఆ ఒక్క భాషే మాట్లాడే ఇంటి పిల్లంత ఉండకపోవచ్చు. ఒకే రోజుని మూడు భాషలు పంచుకుంటున్నాయి మరి.

పోల్చడానికి అంకె కావాలంటే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టికలో ఏడాదిన్నరకి అమ్మ, నాన్న కాకుండా మూడు మాటలు, రెండేళ్లకి రెండు మాటలు కలపడం, రెండున్నరేళ్లకి దాదాపు 50 మాటలు అని ఉంది. నలుగురు పిల్లల్లో ముగ్గురైనా ఆ వయసుకి చేయగలిగేవే అందులో పెట్టారు. అంటే అది సగటు కాదు, కింది గీత. పాత పుస్తకాల్లో రెండేళ్లకే 50 అని ఉంటుంది, అది చూసి బెంబేలెత్తకండి.

రెండు మాటలు కలపడం దగ్గర తెలుగు పిల్లలకి ఇంకో అన్యాయం జరుగుతుంది. "అమ్మ రా", "నీళ్లు కావాలి" సరే. "మోర్ పాలు" కూడా అంతే విలువైన వాక్యం, భాషలు కలిశాయని కొట్టేయకండి. "హ్యాపీ బర్త్‌డే" మాత్రం రెండు మాటలు కాదు, ఒక్క ముద్ద. కానీ "ఇంట్లో", "నాన్నకి", "బంతితో" ఎక్కడ రాయాలి? ఇంగ్లీషు పిల్ల రెండు మాటల్లో చెప్పేది తెలుగు పిల్ల ఒక్క మాట చివర ప్రత్యయం తగిలించి చెప్పేస్తుంది. అందుకే పుస్తకం చివరి పేజీ ప్రత్యయాలకి ఉంచండి: లో, కి, తో, మీద, ఇంకా వచ్చింది, వచ్చాడు లాంటి క్రియల చివరలు. "గాడీలో" అని హిందీ మాటకి తెలుగు "లో" తగిలిస్తే నవ్వుకోండి, తర్వాత తేదీ వేసి రాసుకోండి. "లో" అంటే ఏమిటో, ఎక్కడ పెట్టాలో పాపకి తెలిసిపోయిందని దానర్థం.

మూడేళ్లు దాటాక కనిపించే తడబాట్లు వేరు. తెలుగులో మనం, మేము రెండున్నాయి. హిందీ హమ్‌కి, ఇంగ్లీషు "వీ" (we)కి ఆ తేడా లేదు. "మేము బీచ్‌కి వెళ్దాం" అని పాప అంటే మిమ్మల్ని వదిలేసి వెళ్తానని కాదు. తెలుగులో అమ్మాయికీ, కుక్కకీ, బస్సుకీ కూడా "వచ్చింది" అనే ఒక్క రూపం. హిందీలో ప్రతి వస్తువుకీ లింగం ఉంది కాబట్టి తెలుగు బలంగా ఉన్న పిల్ల "గాడీ ఆయా" అంటుంది. ఇవేవీ తప్పని చెప్పి దిద్దక్కర్లేదు. "అవును, గాడీ ఆయీ" అని సరైన రూపం మీరు తిరిగి అంటే చాలు.

దిద్దడం అంటే గుర్తొచ్చింది. మన వైపు "తినీసింది", "వచ్చీసాడు", "ఏటి" అనే మాటలు నాన్నమ్మ దగ్గరో, పనికి వచ్చే ఆవిడ దగ్గరో పిల్లలకి అబ్బుతాయి. గుంటూరు నుంచి వచ్చిన నాన్న వెంటనే "తినేసింది అనాలి" అంటాడు. చాలా ఇళ్లలో పగలంతా పాపతో ఎక్కువ తెలుగు మాట్లాడేది ఆ ఇద్దరే. వాళ్ల మాట తప్పని పిల్ల ముందు అంటే, మొదట మూగబోయేది వాళ్లే. ఉన్న తెలుగు గంటలు కాస్తా పోతాయి.

గంటల లెక్క కూడా వేయాల్సిందే. రెండేళ్ల పిల్ల మెలకువగా ఉండేది రోజుకి సుమారు 11, 12 గంటలు. ఒక మామూలు మంగళవారం తీసుకుని గంటకి ఒక గడి వేసి, ఎవరు ఏ భాషలో మాట్లాడారో నింపండి. తక్కువ గడులు దొరికిన భాష ముందు చెవికి అర్థమవుతుంది, నోటికి చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ భాష కావాలనుకుంటే రోజూ వచ్చే పని ఏదైనా దానికి అప్పగించండి: స్నానం, అన్నం, రైతు బజార్‌కి వెళ్లడం. టీవీ కార్టూన్ ఏ భాషలో నడిచినా ఆ గడిలో సున్నా పెట్టండి. రెండేళ్లలోపు వీడియో కాల్ తప్ప తెర వద్దని భారతీయ పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. నాన్నమ్మ కాల్‌లో పాపని అడిగి, జవాబు కోసం ఆగితే ఆ గడికి భాష పేరు రాయొచ్చు. ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాని ఇంగ్లీషు పట్టుకుని పాప వెంట తిరగడం మాత్రం మానండి. మీకు తిట్టడం, బుజ్జగించడం, వెక్కిరించడం ఏ భాషలో వస్తే అందులోనే మాట్లాడండి. ప్లేస్కూల్లో చేరాక కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, పాప అక్కడ నోరు విప్పకపోవచ్చు. కొత్త భాష వింటున్న పిల్లల్లో ఇది మామూలే. ఇంట్లో మాటలు తగ్గకపోతే కంగారు లేదు.

అర్థం చేసుకోవడం విడిగా చూడాలి. నేల మీద బంతి, చెంచా, చెప్పు పెట్టండి. మీ చేతులు వెనక్కి కట్టుకోండి, వస్తువు వైపు చూడకండి. "చెంచా తే" అనండి. ఇంకో రోజు నాన్న "చమ్మచ్ లావో" అనాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గుమ్మం దగ్గర నిలబడి "చెప్పులు" అంటే భాష రాని పిల్ల కూడా తెస్తుంది, ఎందుకంటే బయటికి వెళ్తున్నారని తెలిసిపోతుంది. చూపు, వేలు, వేళ ఈ మూడూ తీసేశాక కూడా తెస్తేనే మాట అర్థమైనట్టు.

మాటలు రాలేదని వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాయడం ఇప్పటికీ ఉంది. వసపిట్టలా మాట్లాడతారని నమ్మకం. వసలో బీటా అసరోన్ అనే రసాయనం ఉంటుంది, ఎలుకల మీద పరీక్షల్లో అది కణితులు తెచ్చింది. అమెరికాలో 1968లోనే దీన్ని ఆహారంలో వాడకూడదన్నారు. చంటిపిల్లలకి వద్దే వద్దు.

ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు ఏ భాషకైనా ఒకటే. ఏడాదికి బా-బా, దా-దా లాంటి శబ్దాలు గానీ, వేలు పెట్టి చూపించడం గానీ లేకపోవడం. 16 నెలలకి ఏ భాషలోనూ ఒక్క మాటా లేకపోవడం. రెండేళ్లకి సొంతంగా రెండు మాటలు కలపకపోవడం. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోవడం. ఇవి ఉంటే "మూడు భాషలు కదా, నెమ్మదిగా వస్తాయిలే" అనే మాట వినకండి. అలాగే "ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి" అనే సలహా కూడా వినకండి. నాన్నమ్మ భాష ఆపేస్తే మిగతావి త్వరగా రావు, నాన్నమ్మ మాత్రం దూరమవుతుంది.

ముందు చెవి పరీక్ష చేయించండి. శబ్దానికి లోచెవి స్పందిస్తోందో లేదో చూసే ఓఏఈ పరీక్ష కొన్ని నిమిషాల పని. జలుబు చేసి చెవిలో నీరు చేరి ఉంటే అందులో ఫెయిల్ కావొచ్చు, తగ్గాక మళ్లీ చేయించాలి. శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో లేదో చూసే బెరా పరీక్షకి పిల్ల నిద్రపోవాలి కాబట్టి ముందు రోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో ఆటోలో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లాలి. మళ్లీ తేదీ తీసుకుని తిరిగి రావాల్సి వచ్చేది చాలాసార్లు ఆ ఆటో కునుకు వల్లే. ప్రభుత్వ దారి కావాలంటే, పిల్లల ఆరోగ్య పరీక్షల పథకమైన ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తాయి. అవసరమైతే వాళ్లే జిల్లా సత్వర జోక్య కేంద్రానికి (డీఈఐసీ) పంపిస్తారు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి నోట్‌బుక్, గంటల కాగితం తీసుకెళ్లండి. ఆ రోజు హిందీ మాట్లాడే నాన్న కూడా సెలవు పెట్టి రావాలి. పరీక్ష తెలుగులో మాత్రమే జరిగితే పాపకి వచ్చిన 14 మాటలు మళ్లీ నాన్న జేబులోనే ఉండిపోతాయి.